ఉత్తరపు గోడ కింద కుండీలు

మొదటి మంచు తునక దికెలెది మణికట్టు మీద పడి కరిగిపోయింది. రెండోది రేకు మీద పడింది, అది కరగలేదు. రేకు అప్పుడే అంత చల్లబడిందన్నమాట, అనుకుంది. గోడవారన ఉన్న కుండీల మీదికి ఆ పాత ఇనుప రేకును ఏటవాలుగా వాల్చి, గాలికి లేవకుండా అంచున రాళ్ళు పెడుతోంది. ఈ పని అయ్యేదాకా కొండవైపు చూడనని తనకు తానే ఒట్టు పెట్టుకుంది, పెట్టుకుంటూనే చూసింది. కొండ నడుము దాకా మబ్బు దిగింది. గొర్రెల మకాం ఆ మబ్బులోనే ఉంది, మకాంలో రాతి గుడిసె ఉంది, గుడిసెలో తన కూతురు ఉంది. లేదా లేదు. ఉందా, దారిలో ఉందా, ఎక్కడుంది? పొద్దున బయల్దేరింది మొదియెహి, మందను కిందికి దించుకొచ్చేస్తానని. దించాల్సిన తండ్రి గుర్రం మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని ఇంట్లో మంచం మీద ఉన్నాడు. కూలికి పెట్టుకున్న కాపరి గనుల్లో పని దొరికిందని చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరి మందలూ చలి ముదరక ముందే దిగిపోయాయి, వీళ్ళవే పైన మిగిలాయి. ఫోను కొండదారిలో మొదటి మలుపు దాటితే పలకదు. అయినా దికెలెది దాన్ని దుప్పటి లోపల, రొమ్ముకు ఆనించి పెట్టుకుంది, వెచ్చగా ఉంటే పలుకుతుందేమో అన్నట్టు.

రాయి పెట్టింది. ఇంకో రాయి. రేకు ఆకుల్ని తాకకూడదు, తాకితే తాకినచోట చెమ్మ పట్టి కుళ్ళుతుంది; మరీ ఎత్తుగా ఉంటే మంచు పక్కనుంచి దూరుతుంది. అత్త ఉన్న రోజుల్లో ఈ ఎత్తు ఎంతో ఆమె మూరతో కొలిచి చూపించేది. దికెలెది చెయ్యి పొడుగు, అందుకని ఎప్పుడూ కొంచెం తగ్గించి పెట్టాలి. కుండీలంటే కుండీలా, అడుగు చిల్లుపడిన వంటగిన్నెలు, రంగు డబ్బాలు, అంచు విరిగిన మట్టి తొట్లు. ఒక్కోదాని కింద మూడు రాళ్ళు, అడుగు నేలకు తగలకుండా, నీళ్ళు కారే కన్నం గడ్డకట్టి మూసుకుపోకుండా. ఒక్కోదాన్ని ముందుకు కాస్త ఒరగబెట్టి, కొండవాలు మీద ఉన్నట్టు. లోపల సుడికలబందలు. పువ్వులో రేకుల్లా కాదు, సుడిగుండంలో నీటిలా ఆకులు తిరుగుతూ తిరుగుతూ నడిమికి చేరతాయి, కొన్ని కుడికి, కొన్ని ఎడమకి. చలి ముదిరే కొద్దీ ముడుచుకుని పిడికిలి పడతాయి, ముళ్ళ కొసలు రక్తం చిమ్మినట్టు ఎర్రబడతాయి. చలికాలం మొదలవకముందే నీళ్ళు ఆపేసింది. మొదళ్ళ చుట్టూ వాగులోంచి ఏరి తెచ్చిన గులకరాళ్ళు పరిచింది. ఇంతకంటే ఏం చెయ్యగలదు మనిషి? ఇవి చలికి చావవే, తడికి చస్తాయి, అనేది అత్త. వాటి మానాన వాటిని వదిలెయ్, ఒంటి మీద తడి లేకుండా చూడు, అంతే. ఒంటి మీద తడి లేకుండా. మొదియెహి పొద్దున ఏం వేసుకుంది? వాళ్ళ నాన్న దుప్పటి, గోధుమరంగు చారలది, అది మందమే. రబ్బరు బూట్లు. కుడి బూటు మడమ దగ్గర చీలింది, అతికించాలని అనుకుంటూనే ఉంది, అతికించలేదు. వాగు దాటేటప్పుడు ఆ చీలికలోంచి నీళ్ళు వెళ్తాయి. వెళ్ళి ఉంటాయి.

వాగు గురించి ఆలోచించకు. మొక్కల గురించి ఆలోచించు. ఒకప్పుడు మకాం వెనక వాలంతా ఇవే ఉండేవి, దికెలెది కొత్తకోడలిగా వచ్చినప్పుడు కూడా అక్కడక్కడా ఉండేవి. తర్వాత ఎవరెవరో వచ్చి గునపాలతో పెళ్ళగించుకుపోయారు, రోడ్డు పక్కన గోనెపట్టాల మీద పెట్టి అమ్మారు. కొన్నవాళ్ళ ఇళ్ళలో ఒక్కటీ బతకలేదని తర్వాత తెలిసింది. అత్త ఎవరినీ తిట్టలేదు. ఒక వేసవిలో, మేక కూడా ఎక్కని రాతిచరియ మీద మిగిలిన ఒకే ఒక్క చెట్టు పూసి కాయ కాస్తే, నడుముకి తాడు కట్టుకుని దిగి, ఆ విత్తనాలు మూతికట్టిన గుడ్డలో తెచ్చింది. అప్పటికే మోకాళ్ళ నొప్పులు ఆమెకి. ఇవన్నీ ఆ గుడ్డలోవే. ఎవరికీ ఇవ్వడానికి కాదు, మళ్ళీ ఆ వాలు మీదే నాటడానికి. చేటంత అయితే గానీ కొండ మీద నిలవవు అంది, అవి అరచేతంత కాకముందే పోయింది. నిరుడు చలికాలం మొగుడు మొతోబికి వీటి మీద జాలి పుట్టింది. అమ్మ పెంచినవి, మంచులో పడి ఉన్నాయని, దికెలెది పుట్టింటికి వెళ్ళినప్పుడు సగం కుండీలు లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు, నీళ్ళు కూడా పోశాడు. లోపల బాగానే ఉన్నట్టు కనబడ్డాయి, పచ్చగా, మెత్తగా, ఆకులు విచ్చుకుని. వసంతంలో బయటపెట్టగానే ఒక్క రాత్రి చలికి ఉడికించిన ఆకుకూరలా వాలిపోయాయి. మొతోబి వాటిని తనే తీసుకెళ్ళి ఎక్కడో పారేశాడు, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. జాలిపడ్డ మనిషిని ఏమంటాం?

గాలి తిరిగింది. ఇందాకటి దాకా నిట్టనిలువుగా పడుతున్న మంచు ఇప్పుడు దక్షిణం నుంచి అడ్డంగా కొడుతోంది. గోడ అడ్డంగా ఉంది కాబట్టి కుండీలకి తగలదు. భూమికి ఈ దక్షిణపు కొసన ఎండ ఉత్తరం నుంచి వాలుతుందని, చలిగాలి దక్షిణం నుంచి వస్తుందని, అందుకే ఈ గోడవార తప్ప ఇంకెక్కడా వద్దని అత్త ఎంచి పెట్టిన చోటు. కొండ మీద గుడిసె గుమ్మం కూడా ఇటే, ఊరివైపే ఉంటుంది. తలుపు బిగుతుగా పడుతుందా? పోయినేడు మొతోబి కొత్త చెక్క వేశానన్నాడు. వేశాడా, వేస్తానన్నాడా? లోపలికి వెళ్ళి అడగొచ్చు. అడిగితే అతనికి తన భయం తెలుస్తుంది, అతని భయం తనకి తెలుస్తుంది. పొద్దున మాటామాటా అనుకున్నాక ఇద్దరూ పలకరించుకోలేదు. ఆడపిల్లని ఒంటరిగా పైకి పంపే తండ్రివి ఈ లోయలో నువ్వొక్కడివే అంది ఆమె. ఆ కొండ నాకంటే దానికే బాగా తెలుసు అన్నాడు అతను. మంచొస్తే? మంచెక్కడుంది, ఆకాశం చూడు అన్నాడు. నిజంగానే అప్పుడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆ పళ్ళెం కింద నిలబడి మొదియెహి ఇద్దరి మాటలూ విననట్టు బూట్లు తొడుక్కుంది, నిన్నటి జొన్నముద్ద ఒక గుడ్డలో కట్టుకుంది. నవ్వుతూనే ఉంది. కుట్టుపని నేర్చుకోవడానికి పట్నం పంపిస్తే ఆర్నెల్లకే తిరిగొచ్చి, నాకు గొర్రెలే బాగున్నాయమ్మా అన్న పిల్ల. పక్కింటావిడ మాతుమెలో కాసేపటి క్రితం గోడ మీంచి తొంగిచూసి, ఊళ్ళో మగాళ్ళు కరువయ్యారా తల్లీ, పిల్లని పంపారు, అని ఎత్తిపొడిచింది. ఎత్తిపొడిచిన మనిషే కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, తన కొడుకుల్ని కొండ మొదలు దాకా వెళ్ళి చూసి రమ్మంది. వాళ్ళు వెళ్ళారు, మబ్బులో అడుగు ముందుకి పడటం లేదని తిరిగొచ్చారు. మర్యాదగల పిల్లలు. ఆమె మొహం చూడలేక నేల చూస్తూ చెప్పారు.

పేడ దిబ్బ పక్కన ఏదో కదిలింది. దికెలెది లేచి నిలబడింది, మోకాలికి తగిలి రంగు డబ్బా ఒకటి దొర్లబోతే పట్టుకుంది. గొర్రెలు. మంచులోంచి మంచే ముద్దలు కట్టి నడిచొస్తున్నట్టు, ఒక గుప్పెడు గొర్రెలు, తలలు వంచుకుని, దొడ్డివైపు. ఆమె వాటి మీదినుంచి, వాటి వెనక, ఆ వెనక చూసింది. గోధుమరంగు చారలు ఎక్కడా లేవు. మొదియెహీ అని పిలిచింది. గొంతు మంచులోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. గొర్రెలు ఆమె దుప్పటిని రాసుకుంటూ దొడ్లోకి దూరాయి. వాటి వీపుల మీద చెయ్యి వేసి చూసింది. ఉన్ని పైన మంచు, లోపల పొడిగానే ఉంది. పొట్టల కింద తడి, వాగు దాటాయి. ఎవరు దాటించారు? ఎవరూ దాటించలేదా? ఆ పిల్ల వెనక ఉందా? వాగులో ఉందా?

తలుపు చప్పుడైంది. మొతోబి చంకలో కర్ర పెట్టుకుని, దుప్పటి ఒక భుజం మీంచి జారిపోతుండగా, కిరసనాయిలు డబ్బా పట్టుకుని బయటికి వచ్చాడు. కట్టు కట్టిన కాలు గాలిలో పెట్టి ఒంటికాలి మీద గెంతుతూ, వాకిలి చివర తుప్పకట్టెలు, పాత టైరు పోగేసిన చోటికి పోతున్నాడు. గొర్రెల చప్పుడు విన్నాడు. గొర్రెలొచ్చాయంటే పిల్ల దార్లో ఉన్నట్టే అంటున్నాడు, ఆమెతో కాదు, తనతోనే. మంట పెడితే కనిపిస్తుంది, మంట చూసుకుని వచ్చేస్తుంది. టైరు అయితే మంచుకి ఆరదు. డబ్బా మూత చలికి బిగుసుకుపోయి రావడం లేదు, పళ్ళతో లాగుతున్నాడు.

మంట. దికెలెదికి ఆ కిరసనాయిలు వాసన ముక్కుకి తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. ఈ వాకిలి కాదు, వేరే వాకిలి. తను చిన్నపిల్ల, అన్న పాతదుప్పటి కప్పుకుని కట్టెలు మోస్తోంది. ఎంత సంబరంగా ఉండిందో ఆ సాయంత్రం, పెద్దమంట ఎప్పుడూ చూడలేదు, ఇంకా వెయ్యి నాన్నా, ఇంకా వెయ్యి అని గెంతింది. అన్న త్సెలిసో మకాం దగ్గర ఉన్నాడు, ఇలాంటి మంచే. మంట చూసి వచ్చేస్తాడు అన్నాడు నాన్న. అన్న మంట చూశాడు. అప్పటిదాకా అతను గుడిసెలోనే ఉన్నాడని మర్నాడు పైకి వెళ్ళినవాళ్ళకి తెలిసింది. పొయ్యిలో నిప్పు ఇంకా ఉంది, కట్టెలు మూలన నిండుగా ఉన్నాయి, గిన్నెలో గంజి సగం తాగి పెట్టి ఉంది. ఇంటి దగ్గర అంత పెద్ద మంట ఎందుకు పెట్టారు, అమ్మకేమైనా అయిందేమో అనుకుని ఉంటాడు. ఏమనుకున్నాడో చెప్పడానికి అతను లేడు. మంచు కరిగాక, గుడిసె నుంచి మంటకి సూటిగా గీత గీసినట్టున్న చోట, చరియ కింద దొరికాడు. దారి వదిలేసి మంటనే చూస్తూ నడిచాడు. నాన్న ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, ఎవరూ ఎత్తలేదు. అన్న మంచులో పోయాడని మాత్రమే పెళ్ళయ్యాక మొతోబికి చెప్పింది. చాలామంది అన్నలు మంచులో పోయారు, అతను ఇంకేమీ అడగలేదు.

ఆమె వెళ్ళి కట్టెలకీ అతనికీ మధ్య నిలబడింది.

"వద్దు," అంది.

"పక్కకి తప్పుకో. పిల్లకి దారి కనిపించాలి."

"దారి కనిపిస్తే వచ్చేస్తుంది. రాకూడదు."

మొతోబి ఆమెకి మతి పోయిందేమో అన్నట్టు చూశాడు. గొర్రెలొచ్చాయి కదా అన్నాడు. దార్లో ఉంది కదా, వాగు దగ్గర ఉందో, ఎక్కడ కూలబడిందో, వెలుగు లేకపోతే ఎటు నడుస్తుంది? అతను చెప్పేది తప్పని ఆమె అనలేదు. అనలేకపోయింది. అదే ఉంది లోపల, ఆ భయమే, దార్లో ఉంటే ఈ మంటే ఆ పిల్ల ప్రాణం. గుడిసెలో ఉంటే ఈ మంటే... గంట మోగలేదు, అనుకుంది ఒక్కసారిగా. మెడలో గంట ఉన్న ముసలి గొర్రె రాలేదు. మొదియెహి ఎప్పుడు మందను తోలినా ఆ ముసలిదాన్ని ముందు నడిపిస్తుంది, అది లేకుండా అడుగు వెయ్యదు. ఇవి ఆ పిల్ల తోలినవి కావు, పిల్ల చేరకముందే మంచు వాసన పట్టి తప్పుకుని వచ్చేసినవి. లేదా ముసలిది దార్లో పడిపోయిందా? లేదా ఆ పిల్లతో పాటు అదీ... ఆమె అన్న సంగతి చెప్పింది. గబగబా, మంచు నోట్లో పడుతుండగా, అడ్డదిడ్డంగా చెప్పింది. గంజి గిన్నె సంగతి చెప్పింది. కట్టెలు తనే మోశానని చెప్పింది. గంట సంగతి చెప్పింది. మొదియెహి వెళ్తూ వెళ్తూ ఆమె చెవి దగ్గర అన్నమాట కూడా చెప్పింది. అమ్మా, వీలైతే వస్తాను, లేకపోతే పైనే ఉంటాను; నువ్వు మాత్రం గుమ్మంలో నిలబడి ఎదురుచూడకు, నువ్వు చూస్తున్నావంటే నా కాళ్ళు తొందరపడతాయి.

మొతోబి కిరసనాయిలు డబ్బా కింద పెట్టాడు. ఎప్పుడూ మొదియెహి వాళ్ళమ్మా అని పిలిచే మనిషి.

"దికెలెదీ," అన్నాడు. "ఆ పిల్లకేమైనా అయితే, ఈ మంట పెట్టనివ్వలేదని నేను నిన్ను..."

"తెలుసు," అంది ఆమె. "అగ్గిపెట్టె ఇటివ్వు."

అతను ఇచ్చాడు. ఇవ్వడానికి చెయ్యి చాపిన తీరు చూసి ఆమెకి ఏడుపొచ్చింది, ఏడవలేదు. లోపలికి వెళ్ళి కిటికీలో దీపం కూడా తగ్గించి, నేల మీద పెట్టింది. మళ్ళీ బయటికి వచ్చేసరికి మొతోబి గోడవారన బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు, విరిగిన కాలు ముందుకి చాపి, చేతులు దుప్పట్లో దోపుకుని. పక్కన రేకు గాలికి టకటకమంటోంది. ఒక రాయి జారిపోయింది. అతనే వంగి తీసి మళ్ళీ పెట్టాడు. చూపు మాత్రం కొండవైపే.

చీకటి కొండ మీంచి దిగడం లేదు, నేలలోంచి లేస్తోంది. ముందు వాగు పోయింది, తర్వాత దొడ్డి, తర్వాత మాతుమెలో వాళ్ళ కప్పు. దికెలెది చేతిలో అగ్గిపెట్టె చెమటకి మెత్తబడుతోంది. ఇంత చలిలో చేతికి చెమట. ఒకవేళ తప్పయితే? ఒక్క పుల్ల గీస్తే చాలు. గీసి, టైరు మీద పడేస్తే చాలు, ఈ ఎదురుచూపు అయిపోతుంది, ఏదో ఒకటి చేశాననిపిస్తుంది. నాన్నకి కూడా అలాగే అనిపించి ఉంటుంది. చేతులు ఊరుకోనివ్వవు. వాగు దగ్గర చీలిన బూటు, నీళ్ళు, పడుకుంటే నిద్రొస్తుంది, మంచులో వెచ్చగా నిద్రొస్తుందంటారు. లే మొదియెహీ. పుట్టేటప్పుడే ఆలస్యం చేసింది, రోజుల తరబడి నొప్పులు, అందుకే ఆలస్యం అని అర్థం వచ్చే పేరు పెట్టింది అత్త. బడికి ఆలస్యం, తిండికి ఆలస్యం, పిలిస్తే వస్తున్నా అంటుంది, రాదు. ఇప్పుడూ అలాగే ఉండు తల్లీ, రాకు. రాకు. లేకపోతే పరిగెత్తి రా, ఇప్పుడే రా, ఈ గోడ మలుపు తిరిగి నవ్వుతూ రా. పుల్ల బయటికి తీసింది. ఎప్పుడు తీసిందో తెలియదు, వేళ్ళ మధ్య ఉంది. పెట్టె అంచుకి ఆనించి ఉంది. మొతోబి చూస్తున్నాడు. వద్దనీ అనలేదు, గియ్యమనీ అనలేదు. ఆమె పుల్లని రెండుగా విరిచింది. ఇంకోటి తీస్తానేమోనని భయపడి పెట్టెను మొతోబి ఒళ్ళో పడేసింది. అతను దాన్ని వేళ్ళతో తడిమి, దూరంగా దొడ్డివైపు మంచులోకి విసిరేశాడు.

గాలి తగ్గింది. తగ్గిందని ముందు చెవికి తెలిసింది, రేకు చప్పుడు ఆగిపోయింది. మబ్బు చిరిగిందో, మంచే పలచబడిందో, కొండ భుజం ఒక నల్లటి ముద్దలా కనిపించీ కనిపించకుండా అయింది. ఎవరు ముందు చూశారో తర్వాత ఇద్దరూ చాలాసార్లు వాదించుకున్నారు. అగ్గిపుల్ల తలంత ఎర్రచుక్క. ఆరింది, మళ్ళీ వచ్చింది. నక్షత్రం కాదు, నక్షత్రం అంత కిందికి ఉండదు, అంత ఎర్రగా ఉండదు. చుక్క చుట్టూ మసగ్గా, బూడిదగా ఏదో పాకుతోంది. మొతోబి కర్ర కోసం తడుముకుంటూ లేవబోయి, కర్ర దొరక్క ఆమె భుజం పట్టుకుని లేచాడు. అతని బరువంతా ఆమె మీద పడింది.

"ఎంత పొగ పెడుతోందో చూడు," అన్నాడు. "తడిపేడ వేసింది పిచ్చిపిల్ల. ఎన్నిసార్లు చెప్పాను, అడుగున ఉన్న పొడిది తియ్యమని."

"దగ్గొస్తుంది దానికి," అంది దికెలెది.

ఇద్దరికీ నవ్వొచ్చింది, నవ్వులాంటిది ఏదో, ఆపుకోలేని వణుకు. తలుపు తెరిచిపెట్టింది ఆ పిల్ల. ఊరివైపు ఉన్న గుమ్మం, అందుకే పొయ్యి కనిపిస్తోంది. వాళ్ళు చూస్తుంటారని తెలుసు దానికి, చూడొద్దని చెప్పినా చూస్తారని తెలుసు. చూపించడానికే తెరిచిపెట్టి, గాలంతా లోపలికి పోనిస్తూ, గొర్రెల మధ్య ముడుచుకుని కూర్చుని ఉంటుంది. చూశాం, అంది దికెలెది లోలోపల. చూశాం తల్లీ, మూసెయ్. వెచ్చదనమంతా పోతోంది, మూసెయ్. ఎర్రచుక్క అలాగే ఉంది. ఇద్దరూ మంచులో, ఒకరి మీద ఒకరు ఆనుకుని, కన్ను వాల్చకుండా నిలబడ్డారు. మాతుమెలో వాళ్ళ ఇంట్లో ఎవరో పాత్ర కడుగుతున్న చప్పుడు, అంతే. ఇంకాసేపటికి ఆ చుక్క సన్నబడి, గీతలా అయి, ఆరిపోయింది.

"తలుపు వేసుకుంది," అన్నాడు మొతోబి.